దారి యిచ్చుట ధర్మము

మార్గమున ఎదురుపడిన ఇరువురిలో ఎవరు తొలగవలెను? ఇంత చిన్న విషయమును గూడ మన ధర్మశాస్త్రకారులు విడువక విచారించిరి. బరువు మోయుచున్నవానికి, రోగికి, వృద్ధునకు, స్త్రీకి, బండిపై వచ్చువానికి తక్కినవారు ప్రక్కకు తొలగి దారి యియ్యవలెనని మనుస్మృతి విధించినది. ఆపస్తంబ ధర్మసూత్రములును ఇట్టి నియమమునే చెప్పినవి. పైకి ఇది కేవలము వీధిమర్యాదగా తోచును. ఆలోచించినచో దీనిలో నొక పెద్ద న్యాయము కలదు. బరువు మోయువాడు వెంటనే ప్రక్కకు జరుగలేడు, రోగి జరుగలేడు, బండి అంతకంటెను జరుగలేదు. ఎవడు సులభముగా తొలగగలడో వాడు, తొలగలేనివానికి దారి విడువవలెనని దీని తాత్పర్యము. శక్తి అధికమైన కొలది తొలగవలసిన బాధ్యతయు అధికమగును.

నేడు ఋతువులు గతి తప్పుచున్నవనియు, తత్కారణమున అనేక ప్రాణిజాతులు నశించుచున్నవనియు వినుచున్నాము. ఇది కాలధర్మమా, లేక మానవకృతమా? కాలధర్మమైనచో మనము చేయదగినదేమి కలదు? మానవకృతమైనచో మన కర్తవ్యమేమి? ఈ ప్రశ్నలను పైన చెప్పిన న్యాయమును దీపముగా పట్టుకొని విచారింతము.

మన హుజూర్‌నగర్ ప్రాంతము పూర్వము నల్లగొండ జిల్లాలోనిది; 2016 నుండి సూర్యాపేట జిల్లాలో చేరినది. మట్టపల్లి లక్ష్మీనృసింహస్వామి పాదములు కడుగుచు ప్రవహించు కృష్ణవేణియు, ఆ నది నుండి వచ్చు నాగార్జునసాగరు ఎడమ కాలువయు ఈ సీమకు జీవనాధారములు. 2023వ సంవత్సరమున ఆగస్టు నెల వాన లేకయే గడచినది. 1901 తరువాత దేశమంతటను అంత పొడిగా గడచిన ఆగస్టు లేదు. కృష్ణకు చాలినంత వరద రాలేదు. ఆ యాసంగిలో కాలువ క్రింద పైరులకు నీరు విడువలేదు. మరుసటి యేడు, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో, కుండపోతగా కురిసిన వానకు సూర్యాపేట, ఖమ్మం జిల్లాలు జలమయములైనవి. అదే ఎడమ కాలువకు గండి పడినది. ఒక యేడు కాలువకు నీరు లేదు. మరుయేడు కాలువలో నీరు నిలువలేదు.

అతివృష్టి, అనావృష్టి యను రెండును ఈతిబాధలలో మొదటివిగా మన పెద్దలెఱిగినవే. అవి వచ్చినపుడు మనుష్యునకు ఆదుకొనుటకు ప్రభుత్వమున్నది, బంధువులున్నారు, అప్పిచ్చువాడైనను ఉన్నాడు. చెరువులోని కప్పకు, గట్టున బొరియలోని ఉడుముకు, బీటిలో గ్రుడ్డు పెట్టుకొన్న పక్షికి ఎవరున్నారు?

అట్లని భగవంతుడు వానిని నిరాధారముగ విడిచిపెట్టలేదు. ఋతువు ప్రతికూలమైనపుడు ప్రాణులు మనుటకు మూడు ఉపాయములను ప్రసాదించినాడు. మొదటిది ఓర్చుట. తెలంగాణ రాష్ట్రపు చేపయైన కొఱ్ఱమీను ఇందులకు దృష్టాంతము. చెరువు ఎండుచుండగా తక్కిన చేపలు ఊపిరాడక చచ్చును. కొఱ్ఱమీను నీటి పైకి వచ్చి గాలిని పీల్చగలదు. కావున చిత్తడి మిగిలినంత కాలము బురదలో నుండి మరల వానకై వేచియుండును. రెండవది పోవుట. మన కవులు వేయి విధముల వర్ణించిన చాతకపక్షి ఊహాజనితము కాదు. నలుపు తెలుపు రెక్కలు, తలపై జుట్టు గల ఆ కోకిలజాతి పక్షులలో అనేకములు నైరృతి ఋతుపవనములతో కూడ సముద్రము దాటి ఆఫ్రికా ఖండమునుండి మన దేశమునకు వచ్చును. ఎక్కడ వాన కలదో అక్కడికి పోవుటయే దాని వ్రతము. మూడవది మారుట. ఒక జాతి అనేక తరములు గడచునప్పటికి కొత్త శీతోష్ణములకు తగినట్లు శరీరమునో, నడవడినో మార్చుకొనును.

ఈ మూడింటికిని ఒక్కొక్కటి కావలెను. ఓర్చుటకు దాగుచోటు కావలెను. పోవుటకు దారి కావలెను. మారుటకు వ్యవధి కావలెను. ఈ మూడును ఉన్నంతకాలము వాతావరణపు ఒడుదొడుకులు ప్రాణికోటిని బాధించునే కాని నిర్మూలింపజాలవు.

ఇచట పూర్వపక్షి యిట్లనును: "సృష్టి స్థితి లయములు పరమేశ్వరుని లీలలు. యుగములు మారుచుండును. ఎన్ని జాతులు పుట్టలేదు, ఎన్ని గిట్టలేదు! చలియుగములు వచ్చినవి, పోయినవి. కాలము చేయు పనికి మానవుడు చింతించుట వృథా." ఈ వాదము వినుటకు వైరాగ్యమువలె నుండును. దీనికి సమాధానము ఏ దూరదేశమునను వెదకనక్కఱలేదు. కృష్ణకు ఆవలి యొడ్డున కర్నూలు సీమలోనే కలదు.

మన హుజూర్‌నగర్ చుట్టుప్రక్కల సిమెంటు కర్మాగారములకు ఆధారమైన సున్నపురాయి వంటి రాతియందే బేతంచెర్ల సమీపమున బిల్లసర్గం అను గుహలు ఏర్పడియున్నవి. అవి నేటి నంద్యాల జిల్లాలో నున్నవి. రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1880 ప్రాంతముల తరువాత ఆ గుహలను త్రవ్వించి పురాతన మృగముల ఎముకలను పెక్కింటిని వెలికి తీయించెను. ఆధునికులు మరల అచ్చట త్రవ్వి, ఏ పొర ఎంత పురాతనమో నిర్ణయించి, 2014లో తమ పరిశోధనను ప్రకటించిరి. వారు గుర్తించిన క్షీరద జాతులు, తెగలు 21. వానిలో 20 కనీసము లక్ష సంవత్సరములనుండియు, కొన్ని రెండు లక్షల సంవత్సరములనుండియు నేటివరకు భారతఖండమున నిలిచియున్నవి. నిలువనిది ఒక్కటియే.

ఆ లక్ష సంవత్సరములలో జరుగనిదేమి? 74,000 సంవత్సరముల నాడు సుమత్రా ద్వీపమున టోబా అను మహాగ్నిపర్వతము బ్రద్దలై, దాని బూడిద సముద్రము దాటి వచ్చి ఇదే సీమలోని జ్వాలాపురము వద్ద మేటవేసినది. ఆ పొర నేటికిని కాననగును. 20,000 సంవత్సరముల నాడు భూమి నేటికంటె అయిదాఱు డిగ్రీలు చల్లనై, ఋతుపవనములు క్షీణించి, దక్కను ఎండినది. ఇన్నింటిని దాటి మన మృగములు బ్రదికినవి. ఎట్లు? ఆ పరిశోధకులు చెప్పిన తాత్పర్యమిది: కొన్ని జాతులు కొన్ని తావులలో లేకుండ పోయినవి, అయినను కొండ, కోన, ఏటిగట్టు, పచ్చికబయలు ఒకదానితో నొకటి కలిసియున్నందున అవి మఱియొక తావునకు జరిగి నిలిచినవి. ఆ గుహలలో ఖడ్గమృగపుటెముకలు గూడ దొరకినవి. నేడు ఖడ్గమృగము దక్కనులో లేదు, అస్సాములో నున్నది. చోటు మారినది, ప్రాణము నిలిచినది. కాలము కఠినమే; కాని అది దారి మూయలేదు.

అదే సీమలో రెండవ దృశ్యము చూడుడు. రోళ్ళపాడు పచ్చికబయళ్ళలో బట్టమేకపిట్ట యను మహాపక్షి ఉండెడిది. నిలువెత్తు ఒక మీటరు; బరువు పదిహేను కిలోల దాక. ఋతువునకు సాధారణముగ నొక్క గ్రుడ్డునే, అదియు గూడు లేక వట్టి నేలపై పెట్టును. దాని కొఱకు 1988లో అచ్చట అభయారణ్యము నేర్పరచిరి. కాని అభయారణ్యపు విస్తీర్ణము ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెము మించినది మాత్రమే. చుట్టునున్న మెట్టభూములలో జొన్న, కొఱ్ఱ పండునంత కాలము ఆ పక్షికి మేత దొరకెను. కాలువలు వచ్చి, పైరులు మారి, బీళ్ళు దున్నబడిన కొలది అది క్రమముగా తగ్గి చివరకు కానరాకపోయినది. నేడు ప్రపంచమున నున్నవి నూటయేబదికి మించవు. అందు చాలవఱకు రాజస్థానముననే.

పాఠక మహాశయులు ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నుంచి చూతురు గాక. అగ్నిపర్వతపు బూడిదయు, వేల యేండ్ల చలియు లక్ష సంవత్సరములలో ఇరువదియొకటిలో ఒక్కదానిని మాత్రమే లేకుండ చేసినవి. మనము ఒక మనుష్యుని ఆయుర్దాయములో సగము గడువక మునుపే ఒక పక్షిని ఒక సీమనుండి తుడిచివేసితిమి. మొదటిది కాలము చేసిన పని. రెండవది కాలము పేరు చెప్పి మనము చేసిన పని. పూర్వపక్షి ఈ రెంటిని ఒకటిగా కలిపి మాటలాడుటయే దోషము.

వ్యవధి విషయమును గూడ గమనింపుడు. చలియుగము తొలగి భూమి అయిదాఱు డిగ్రీలు వేడెక్కుటకు సుమారు పదివేల సంవత్సరములు పట్టినది. బొగ్గు, నూనె మండించుట వలన గాలిలోని బొగ్గుపులుసు వాయువు యంత్రయుగమునకు పూర్వము పదిలక్షల పాళ్ళలో 280 పాళ్ళుండగా, నేడు 420 దాటినది. సుమారు నూటయేబది సంవత్సరములలోనే భూమి ఒక డిగ్రీకి మించి వేడెక్కినది. 2024వ సంవత్సరమున ఆ పెరుగుదల ఒకటిన్నర డిగ్రీలను గూడ దాటెను. తరతరములకు మెల్లగా మారవలసిన ప్రాణికి ఈ వేగము వ్యవధి నియ్యదు. చెరువు శిఖములు ఆక్రమింపబడినందున దాగుచోటు పోయినది. రహదారులు, కంచెలు, తీగలు, పట్టణములు అడ్డమైనందున దారి పోయినది. వాతావరణము ఒక వైపునుండి తరుముచుండగా, రెండవ వైపు తలుపు మూసినవారము మనమే.

ఇక వేదాంతము కొంత చదివినవారి ఆక్షేపణ: "ఆ జీవుల ప్రారబ్ధమట్లున్నది, మనమేమి చేయగలము?" ప్రారబ్ధమనునది అనుభవించువానికి సంబంధించిన మాట. అదే సంఘటనయందు చేయువానికి ఆగామి యను కర్మ కలుగును. పొరుగువాని యిల్లు తగులబడినపుడు అది వాని ప్రారబ్ధమని సరిపెట్టుకొనవచ్చును గాక. నిప్పు పెట్టిన చేయి మనదైనచో, ఆ మాటతో మన ఆగామి కర్మ తొలగునా? ఎదుటివాని కర్మను లెక్కించుట మన పని కాదు. మన కర్మను చక్కదిద్దుకొనుట మన పని.

తర్కము చదివినవారు మఱియొకటి యందురు. జాతి నిత్యము, గుఱ్ఱములన్నియు నశించినను అశ్వత్వము నశింపదు, కావున జాతినాశమను మాటయే అసంగతమని. శాస్త్రమున ఆ మాట నిజమే. కాని వ్యక్తి లేనిదే జాతి వ్యక్తము కాదని ఆ శాస్త్రమే అంగీకరించును. గోత్వము నిత్యమైనను అది పాలియ్యదు, పాలిచ్చునది గోవు. చివరి బట్టమేకపిట్ట చనిపోయిన పిమ్మట దాని జాతి ఎక్కడనో నిలిచియున్నదని మనము తృప్తి పడవచ్చును. ఆకాశమున రెక్క మాత్రము కదలదు.

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ వేఱొకటి కలదు. అది వాదప్రియులది గాదు, ఆకలిగొన్న రైతుది. "మనుష్యుడు ముఖ్యుడా, పక్షి ముఖ్యమా?" దీనిని తేలికగా తీసివేయుట న్యాయము కాదు. 1955 డిసెంబరు 10న సాగరుకు పునాది వేసి, 1967లో కాలువలకు నీరు విడిచిన పిమ్మట ఈ మెట్టసీమలో ఎన్ని వేల యిండ్లలో అన్నము ఉడికినదో మనమెఱుగుదుము. ఆ కాలువను నిందించువాడు ఆ యన్నమును తిని నిందింపవలెను. కాని ధర్మశాస్త్రము బాటసారిని ప్రయాణము మానుమనలేదు. ఒక అడుగు ప్రక్కకు తొలగుమన్నది.

ఆ యడుగు సాధ్యమేనా? కడప జిల్లా కలివికోడి కథ వినుడు. 1848 ప్రాంతమున జెర్డన్ అను వైద్యుడు ఆ చిన్న పక్షిని లోకమునకు తెలిపెను. 1900 తరువాత అది కానరాక, నశించినదనియే శాస్త్రజ్ఞులు తలచిరి. 1986 జనవరిలో సిద్ధవటము ప్రాంతమున, పక్షులను పట్టుటలో నేర్పరియైన ఒక స్థానికుని సాయముతో, అది మరల కనుగొనబడినది. తరువాత తెలుగుగంగ కాలువ ఆ పక్షి నివసించు పొదల గుండ పోవలసి రాగా, విచారణ జరిగి, కాలువను ప్రక్కకు మళ్ళించిరి. కాలువ పోయినది, పొదలును మిగిలినవి. ఆ పక్షి కానవచ్చుట నేటికిని మిక్కిలి అరుదే. కాని తొలగుట అసాధ్యమను మాటకు ఆ వంపు తిరిగిన కాలువయే ప్రత్యుత్తరము.

ఇందులో నిజమైన ధర్మసంకటము లేకపోలేదు. బొగ్గు మండించుట తగ్గించుటకు రాజస్థానమున సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయుచున్నారు. ఆ విద్యుత్తును మోయు తీగలకు తగిలి బట్టమేకపిట్టలు చనిపోవుచున్నవి. ఒక ప్రాణరక్షణోపాయము మఱియొక ప్రాణమునకు ఉరి యగుచున్నది. సర్వోన్నత న్యాయస్థానము 2021లో తీగలను భూమిలో వేయుమని ఆదేశించి, 2024 మార్చి 21న ఆ యాదేశమును సడలించి, నిపుణుల సంఘమును నియమించినది. వాతావరణ మార్పు వలని కీడునుండి రక్షణ పొందుట పౌరుల హక్కని ఆ తీర్పులోనే గుర్తించినది. పెద్దలకే సులభముగా తెగని విషయమిది. అయినను ఆ పక్షిని గూర్చిన ఒక విశేషము చెప్పవలెను. దానికి కన్నులు ప్రక్కలకు ఉండుటచే ఎదుటి తీగ చక్కగా కనబడదు. కనబడిన పిమ్మట శరీరభారము వలన వెంటనే తొలగలేదు. మనుస్మృతి చెప్పిన "బరువు మోయువాడు" అచ్చముగా అదియే. తీగ వేయువాడు చూడగలడు, మళ్ళింపగలడు. ఎవరు తొలగవలెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

గృహస్థునకు పంచమహాయజ్ఞములు నిత్యవిధులు. వానిలో భూతయజ్ఞము ఒకటి. భోజనమునకు ముందు కాకికి, కుక్కకు, చీమకు ఇంత బలి పెట్టుటయే దాని రూపము. తైత్తిరీయారణ్యకము ఈ యయిదింటిని ప్రతిదినము చేయవలసినవిగా చెప్పుచున్నది. ఇది దయ తోచినపుడు చేయు దానము కాదు. చేయకున్న ప్రత్యవాయము కలిగించు విధి. మెతుకు పెట్టుట విధియైనపుడు, ఆ ప్రాణి మేయు చోటును, నడచు దారిని లాగుకొనకుండుట అంతకు ముందు విధి కాదా? ఒక చేత బలిమెతుకులు వేయుచు, రెండవ చేత గూడున్న చెట్టును కొట్టువాని భూతయజ్ఞమునకు ఫలమెక్కడిది?

తిరుమల ఆదిశేషుని పడగ యనియు, అహోబలము నడుమ యనియు, శ్రీశైలము తోక యనియు మన పెద్దలు చెప్పుదురు. నల్లమలనుండి శేషాచలము వఱకు సాగిన ఆ గిరిపంక్తియే పెద్దపులికి దారి. కృష్ణకు ఈవల మన అమ్రాబాదు అడవియు, ఆవల నాగార్జునసాగరు శ్రీశైలము అభయారణ్యమును దానికి నెలవులు. అచ్చటినుండి శేషాచలము దాక అడవి తెగకుండ కాపాడవలెనని అటవీశాఖవారు యత్నించుచున్నారు. మనము యాత్ర చేయు మార్గమే వాని జీవయాత్రామార్గము. శేషుని దేహము నడుమ తెగకుండవలెనని కోరుట భక్తులకు సహజమే గదా!

ఇంత పెద్ద విషయమున పల్లెటూరివారము మనమేమి చేయగలమని ఎవరును నిరాశపడరాదు. ఊరి బంచరాయిని, చెరువు శిఖమును దున్నక, ఆక్రమింపక విడుచుట ఒక దారి యిచ్చుట. పొలముగట్టున జమ్మిని, రేగును, తుమ్మను కొట్టకుండుట ఒక దారి యిచ్చుట. వేళ్ళు లోతునకు పోవు జమ్మి కఱవునందును పచ్చగా నిలిచి ఎన్నో ప్రాణులకు నీడ యిచ్చును. దేవాలయముల కోనేరులను బాగుచేయునపుడు అడుగంతయు సిమెంటుతో కప్పక కొంత మట్టిని విడుచుట ధర్మకర్తలు ఆలోచింపదగిన విషయము. ఎండకాలమున కప్పలకు ఆ మట్టియే శరణ్యము. విజయదశమి నాడు పాలపిట్టను చూచుట శుభమని మన నమ్మకము. దానిని పట్టి, పంజరమున బెట్టి, రూకలకు చూపువారి నాశ్రయించి పొందిన దర్శనము శుభమెట్లగును? అట్లు పట్టుట చట్టమునకును విరుద్ధము. పాలపిట్ట చెట్టుతొఱ్ఱలో గూడు పెట్టును. తొఱ్ఱ గల ముసలి చెట్టును నిలువనిచ్చిన యూరికి అది తనంతట వచ్చి దర్శనమిచ్చును.

ప్రళయము భగవంతుని అధికారము. అందులో మనకు పాలు లేదు. కాలము తన దారిన తాను వచ్చును. ఎండలు, వానలు మరల మరల గతి తప్పును. అపుడు ప్రాణులు లేచి ఇంకొక తావునకు బయలుదేరును. అవి బయలుదేరిన బాటకు అడ్డముగ నిలిచియున్నవారమా, ప్రక్కకు తొలగినవారమా యనునదియే మన పుణ్యపాపములను నిర్ణయించు ప్రశ్న. మట్టపల్లి నృసింహుడు మనుష్యుడు గాని మృగము గాని కాక, రెండును తానైన స్వామి. ఆయన యెదుట చేతులు జోడించువారికి ఆ రెంటి క్షేమమును వేఱు వేఱని తలచుట తగదు.